పల్నాటి బోరు నీళ్ళు: నాలుకకు అందని లెక్క

పిడుగురాళ్ళ దగ్గర సున్నపురాతి నేలలోంచి తోడిన నీళ్ళు ఒక గ్లాసు, వినుకొండ అవతల గ్రానైటు బండల సందుల్లోంచి తోడిన నీళ్ళు ఇంకో గ్లాసు పక్కపక్కన పెట్టి, ఏవి మంచినీళ్ళో చెప్పమనండి. ఎక్కువమంది రెండో గ్లాసే చూపిస్తారు. సున్నపురాతి నీళ్ళతో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు, కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. గ్రానైటు నీళ్ళు చాలాచోట్ల తేలిగ్గా, నోటికి హాయిగా ఉంటాయి. పళ్ళకు గార పట్టించి, ఏళ్ళ తరబడి తాగితే వెన్నును, కీళ్ళను బిగదీసే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశం మాత్రం ఆ హాయిగా ఉన్న గ్లాసులోనే. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నీళ్ళలో ఉండే మోతాదులో రుచి కూడా లేదు.

మెట్ట ప్రాంతంలో భూగర్భ జలం మంచిదా కాదా అని తేల్చడమంటే నాలుక చెప్పలేని సంగతిని రాతిని అడిగి, రసాయనాన్ని అడిగి తెలుసుకోవడం. ఆ పనికి పల్నాడును మించిన బడి మన దగ్గర లేదని నా నమ్మకం. కొద్ది దూరంలోనే రాయి మారుతుంది, రాయితో పాటు నీళ్ళూ మారతాయి.

ఎత్తిపోతల జలపాతం దగ్గర మొదలుపెడదాం. మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతాయి. కింద మడుగు, మొసళ్ళ పెంపక కేంద్రం, ఆ తర్వాత కృష్ణ వైపు ప్రయాణం. వచ్చినవాళ్ళంతా ధారను చూస్తారు. నీటి సంగతి తెలుసుకోవాలనుకునేవాళ్ళు ధార పక్కనున్న రాతిగోడను కూడా చూడాలి. పొరమీద పొర పేర్చినట్టున్న బండ, పొరల మధ్య అడ్డంగా సందులు, వాటిని నిలువునా కోసే పగుళ్ళు. భూమి లోపల నీళ్ళు ఉండేది, నడిచేది ఆ సందుల్లోనే. బోరు వేసేవాళ్ళు ‘పాయింటు తగిలింది’ అంటే అలాంటి సందు ఒకటి దొరికిందన్నమాట. ఎవరి బోరు ఏ సందుకు తగిలిందన్నదాన్ని బట్టే నీళ్ళ పరిమాణమూ, గుణమూ ఉంటాయి. పక్కపక్క చేలల్లో రెండు బోర్ల నీళ్ళు ఒకేలా లేకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఎత్తిపోతల ఇంకో పాఠం కూడా చెబుతుంది. ఏడాది పొడుగునా ధార కనబడేందుకు పైనున్న కాలువల నీటిని ఈ వాగుల్లోకి వదులుతారు. అంటే అక్కడ దూకే నీళ్ళన్నీ ఆ కొండల మీద కురిసిన వానే కాదు, అందులో కృష్ణ నీళ్ళూ ఉన్నాయి. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలినప్పటి నుంచి కుడి కాలువ కింద పొలాల్లోకి, బావుల్లోకి ఆ నీరు ఇంకుతూనే ఉంది. కాలువకు దిగువనున్న బావి నమూనాను, కాలువ నీళ్ళు ఎక్కని ఎగువ పల్లె బావి నమూనాను ఒకే గాటన కట్టి ‘పల్నాడు నీళ్ళు సగటున ఇలా ఉన్నాయి’ అని రాస్తే ఆ సగటు ఎవరి ఊరికీ వర్తించదు. ఏ బావిలో ఎవరి నీళ్ళున్నాయో తేల్చే మార్గం ఒకటుంది. జలాశయంలో ఎండకు కొంత ఆవిరై పోగా మిగిలిన నీటిలో బరువైన ఆక్సిజన్, బరువైన హైడ్రోజన్ పరమాణువుల పాలు కొంచెం పెరుగుతుంది. వాన నీటిలో ఆ రెండింటి మధ్య ఉండే నిష్పత్తిని 1961లో హార్మన్ క్రెయిగ్ ఒక గీతగా చూపించాడు. అలా మిగిలిన నీళ్ళు ఆ గీత నుంచి పక్కకు జరుగుతాయి. బావి నీళ్ళు గీత మీదుంటే వాన, పక్కకు తప్పితే చెరువో కాలువో అని ఊహించవచ్చు.

ఇక రాయి. పల్నాడులో పెద్ద భాగం కడప బేసిన్ అనే పురాతన అవక్షేప శిలల మేటలో ఈశాన్యపు కొస. ఇక్కడి నార్జి సున్నపురాయే మాచర్ల నాపరాళ్ళకు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు ఆధారం. వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొద్దిగా ఆమ్లమై పడుతుంది. మట్టిలో దిగేటప్పుడు వేళ్ళు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడుతో ఆ ఆమ్లత్వం ఇంకా పెరుగుతుంది. ఆ నీరు సున్నపురాతిని కరిగించి కాల్షియంనూ, బైకార్బొనేటునూ తనలోకి తీసుకుంటుంది. కాగబెడితే ఆ చర్య వెనక్కి నడుస్తుంది. కార్బన్ డయాక్సైడు ఎగిరిపోయి సున్నం మళ్ళీ గట్టిపడుతుంది. గిన్నె అడుగున మనం గీకే తెల్లటి పెచ్చు పల్నాటి కొండే.

ఈ కరగడం లక్షల ఏళ్ళు సాగితే పగులు సొరంగమవుతుంది. గుత్తికొండ బిలం అలా ఏర్పడిందే. పల్నాటి యుద్ధం తర్వాత బ్రహ్మనాయుడు ఆ బిలంలోకే వెళ్ళాడని ఇక్కడి జనం చెప్పుకుంటారు. లోపల నీటి మడుగులున్నాయి. నేల కింద నీరు ఎలా నడుస్తుందో కళ్ళారా చూడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. బిలం చెప్పే హెచ్చరిక కూడా ఉంది. ఇసుక నేలలో నీళ్ళు మెల్లగా వడకట్టుకుంటూ దిగుతాయి. సున్నపురాతి సొరంగాల్లో వడకట్టే మట్టి ఉండదు. పైన పేడదిబ్బ, మరుగుదొడ్డి గొయ్యి, యూరియా చల్లిన చేను ఏదున్నా దాని నైట్రేటు, సూక్ష్మజీవులు వానతో పాటు నేరుగా కిందకి చేరగలవు. కాబట్టి సున్నపురాతి ఊళ్ళలో నీళ్ళ గరుకుదనం (కఠినత్వం) చూసి కంగారుపడటం కన్నా నైట్రేటు, క్రిముల పరీక్ష ముఖ్యం. గరుకు నీళ్ళు ఇబ్బంది పెడతాయే గాని, తాగేవాళ్ళకు పెద్ద హాని చేసినట్టు గట్టి ఆధారాల్లేవు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే మాత్రం పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్ళు నీలంగా మారే ప్రమాదముంది. మన భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నైట్రేటు విషయంలో ఎలాంటి సడలింపూ ఇవ్వకపోవడానికి కారణమదే.

వినుకొండ, బొల్లాపల్లి వైపు వెళ్తే గ్రానైటు, నైసు శిలలు పైకి వస్తాయి. వీటిలో నల్ల అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాలుంటాయి. వాటిలో ఫ్లోరిన్ ఉంటుంది. రాతిలో ఫ్లోరిన్ ఉన్నంత మాత్రాన నీళ్ళలోకి రావాలని లేదు. దాన్ని పట్టి ఉంచేది కాల్షియం. నీటిలో కాల్షియం దండిగా ఉంటే, ఫ్లోరైడ్ దాంతో కలిసి కాల్షియం ఫ్లోరైడుగా అడుక్కి చేరుతుంది. కాల్షియం తగ్గితే ఆ పట్టు సడలుతుంది. కరుగుదల లెక్క వేసి చూస్తే, లీటరులో కాల్షియం 100 మి.గ్రా. ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ రమారమి 2 మి.గ్రా. దగ్గర ఆగుతుంది. కాల్షియం 10 మి.గ్రా.కి పడితే దాదాపు 7 మి.గ్రా. దాకా పోగలదు. కాల్షియం పదో వంతైతే ఫ్లోరైడ్‌కున్న పైకప్పు మూడు రెట్లు లేస్తుందన్నమాట.

మెట్ట నేలల్లో ఆ కాల్షియం ఎలా తగ్గుతుంది? రెండు దారులు. వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడంతో నేలలోని నీరు ఆవిరై, ముందుగా సున్నం గడ్డకడుతుంది. నల్లరేగడి తవ్వితే కనిపించే తెల్లటి సున్నపు గులకలు అవే. కాల్షియం అలా రాయిగా మారిపోతే మిగిలిన నీటిలో సోడియం, బైకార్బొనేటు, ఫ్లోరైడ్ చిక్కబడతాయి. రెండో దారి బంకమట్టి. అది నీటిలోని కాల్షియంను పట్టుకుని తన దగ్గరున్న సోడియంను వదులుతుంది. రెండు దారులూ చివరికి ఒకే రకం నీటికి చేరుస్తాయి: గరుకు తక్కువ, సోడియం, బైకార్బొనేటు ఎక్కువ, నోటికి మెత్తన. పిడుగురాళ్ళ గ్లాసులో పప్పును ఉడకనివ్వని ఆ కాల్షియమే ఫ్లోరైడ్‌కు కళ్ళెం వేసింది. రెండో గ్లాసులో కళ్ళెం లేదు.

నమూనా తీయడం చూడటానికి చిన్న పని. సగం తప్పులు జరిగేది అక్కడే. మోటారు వేసి, రాత్రంతా పైపులో నిలిచిన నీళ్ళు పోయేదాకా వదలాలి. వాహకత మీటరులో అంకె కదలకుండా నిలిచాకే బావి అసలు నీరు వస్తున్నట్టు. ప్లాస్టిక్ సీసాను ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి, గాలి బుడగ మిగలకుండా మూతి దాకా నింపాలి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా పనికిరాదు, గాజుతో అది చర్య జరుపుతుంది. సీసం వంటి లోహాల కోసమైతే వేరే సీసాలో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం కలపాలి, లేకపోతే అవి గోడలకు అంటుకుపోతాయి. పీహెచ్, ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత బోరు దగ్గరే కొలవాలి. సీసా ప్రయోగశాలకు చేరేలోపు కార్బన్ డయాక్సైడు తప్పించుకుని పీహెచ్ పెరిగిపోతుంది, సున్నం అడుక్కి దిగుతుంది. అప్పుడు కొలిచేది బావి నీటిని కాదు, సీసా నీటిని. రైతును అడిగి బోరు ఎన్ని అడుగులు, కేసింగ్ ఎంత లోతు దాకా వేశారు, ఎన్నో అడుగున నీళ్ళు పడ్డాయి అన్నవి రాసుకోవాలి. ఈ మూడు మాటలు లేని నివేదిక చూస్తే నాకు నమ్మకం కుదరదు.

ప్రయోగశాలలో గరుకుదనం కొలిచే తీరు చూడముచ్చటగా ఉంటుంది. కొలిచిన నీటిలో కొద్దిగా అమ్మోనియా బఫరు, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ కలిపితే ద్రాక్షరసం రంగు వస్తుంది. పైనున్న బ్యూరెట్టు నుంచి ఈడీటీఏ ద్రావణం చుక్క చుక్కగా జారుస్తూ ఫ్లాస్కును తిప్పుతుంటారు. ఈడీటీఏ ఒక్కో కాల్షియం, మెగ్నీషియం అయాన్ను పట్టుకుంటూ పోతుంది. చివరి అయాను చిక్కే ముందు ఎరుపు ఊదాగా తడబడి, ఒక్క చుక్కతో నిర్మలమైన నీలంగా మారుతుంది. ఆ చుక్క దగ్గర చెయ్యి ఆపడమే నేర్పు. పల్నాటి సున్నపురాతి నీళ్ళైతే బ్యూరెట్టు చాలా దూరం దిగుతుంది.

అన్ని పరీక్షలూ అయ్యాక నిజాయతీని తేల్చే లెక్క ఒకటుంది. నీటికి మొత్తం మీద విద్యుదావేశం ఉండదు. కాబట్టి కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం వంటి ధనావేశాల మొత్తం, బైకార్బొనేటు, క్లోరైడ్, సల్ఫేటు, నైట్రేటు వంటి ఋణావేశాల మొత్తానికి సరిపోవాలి. కిరాణా కొట్టు పద్దులో జమా ఖర్చులు కలవాల్సినట్టే. తేడా 5 శాతం దాటితే ఎక్కడో కొలత తప్పింది, లేదా కొలవని పదార్థం ఏదో నీటిలో ఉంది. లెక్క కలిశాక ఆ పాళ్ళను 1944లో ఆర్థర్ పైపర్ రూపొందించిన పటం మీద గుర్తిస్తారు. సున్నపురాతి నీళ్ళు ఒక మూలకు, సోడియం బైకార్బొనేటు నీళ్ళు ఇంకో మూలకు, ఉప్పు నీళ్ళు వేరే మూలకు చేరతాయి. ఫ్లోరైడ్ కొలిచే సాధనం చేతిలో లేకపోయినా, పటం మీద చుక్క ఎటు జరుగుతోందో చూసి ఏ ఊళ్ళో దాన్ని ముందుగా వెతకాలో చెప్పవచ్చు.

ఈ మధ్య చాలామంది అన్ని కొలతలనూ కలిపి ‘నీటి నాణ్యతా సూచిక’ అని ఒక్క అంకె ఇస్తున్నారు. చదవడానికి తేలిక కాబట్టి అధికారులకూ అదే ఇష్టం. నాకు దాని మీద గట్టి అభ్యంతరముంది. ఊహకు ఒక నమూనా తీసుకుందాం. గరుకుదనం 150, కరిగిన లవణాలు 400, క్లోరైడ్ 80, నైట్రేటు 10, సల్ఫేటు 40, ఫ్లోరైడ్ 2.5 మి.గ్రా. ఒక్కోదాన్ని దాని వాంఛనీయ పరిమితితో భాగించి శాతం చేస్తే 75, 80, 32, 22, 20, 250. సమాన ప్రాధాన్యంతో సగటు తీస్తే సుమారు 80. వాడుకలో ఉన్న వర్గీకరణలో వందలోపు వస్తే ‘మంచి నీరు’. పిల్లల పళ్ళను పాడుచేసే నీటికి మంచి మార్కులు పడిపోయాయి! ఫ్లోరైడ్‌కు ప్రాధాన్యం పెంచితే అంకె మారుతుంది, కాని సగటులో విషం పలుచనైపోయే లోపం పోదు. తాగునీటికి సగటు పనికిరాదు. ఒక్కటి హద్దు దాటినా నీళ్ళు దాటినట్టే.

హద్దుల్లో కూడా ఎండను లెక్కలోకి తీసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడ్‌కు 1.5 మి.గ్రా. హద్దు పెట్టింది. మన ప్రమాణం 1.0ని వాంఛనీయంగా, వేరే దారి లేనప్పుడు 1.5ని అనుమతించదగినదిగా చెబుతుంది. నీడపట్టున ఉండి రోజుకు 2 లీటర్లు తాగేవారికి 1.5 ఉన్న నీళ్ళతో ఒంట్లోకి పోయేది 3 మి.గ్రా. మే నెలలో రోజంతా ఎండలో పనిచేసే కూలీ 5 లీటర్లు తాగితే 7.5 మి.గ్రా. ఒకే బోరు, ఒకే అంకె, రెండున్నర రెట్ల తేడా. ప్రమాణం లోపలే ఉన్నాయి కదా అని కూలీ కుటుంబానికి ధైర్యం చెప్పేముందు ఈ గుణకారం చేయాలి.

పల్నాడుకు ఇరుపక్కలా ఈ కథకు చరిత్ర ఉంది. కృష్ణకు అవతల నల్లగొండ ఫ్లోరైడ్ బాధ గురించి అందరికీ తెలుసు. దక్షిణాన దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావి. ఆ జిల్లా పల్లెల్లో మనుషులకు వస్తున్న ఎముకల జబ్బుకు నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని 1937లో షార్ట్, పండిత్, రాఘవాచారి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను గుర్తించిన తొలి అధ్యయనాల్లో అదొకటి. అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901లో కొలరాడో స్ప్రింగ్స్ జనం పళ్ళ మీద గోధుమరంగు మరకలు చూసి నీళ్ళనే అనుమానించాడు. నీళ్ళు ఎన్నిసార్లు పరీక్షించినా ఏమీ దొరకలేదు. అప్పటి పరీక్షల్లో ఫ్లోరైడ్‌ను వెతికేవారు కాదు. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త వేరే పద్ధతిలో చూసేదాకా సమాధానం ముప్ఫై ఏళ్ళు ఆలస్యమైంది. వెతకనిది పరీక్షలో కనబడదు. పల్నాడులోనూ అంతే. అగ్నిగుండాల దగ్గర బండ్లమోటులో ఒకప్పుడు సీసం తవ్వారు. ఆ చుట్టుపక్కల బావుల్లో సీసం కోసం ప్రత్యేకంగా అడిగితేనే తెలుస్తుంది. దాని హద్దు లీటరుకు 0.01 మి.గ్రా.

ఇదే కారణంతో ఊళ్ళలో ఆర్వో ప్లాంట్ల వాళ్ళు జేబులోంచి తీసి ముంచే టీడీఎస్ మీటరును చూసి మోసపోకూడదు. అది నీటిలో విద్యుత్తు ఎంత ప్రవహిస్తోందో కొలిచి, కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది, అంతే. 400 మి.గ్రా. లవణాల్లో 3 మి.గ్రా. ఫ్లోరైడ్ ఒక శాతం కూడా కాదు. మీటరుకు అది కానరాదు. క్రిములూ కానరావు. ఆర్వో ఫ్లోరైడ్‌ను బాగానే తీసేస్తుంది, ఆ మేలు కాదనలేం. కాని తోడిన నీటిలో పెద్ద భాగాన్ని చిక్కటి వ్యర్థంగా మురుగుకాలువలోకి వదులుతుంది. అది మళ్ళీ అదే నేలలోకి ఇంకుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించి నల్లగొండ పేరు పెట్టింది. ఖర్చు తక్కువే, కాని రోజూ చూసుకునే మనిషి లేకపోతే మూలన పడుతుంది.

చేనికి పెట్టే నీళ్ళ లెక్క వేరు. ఇక్కడ కూడా మెత్తటి నీళ్ళతోనే చిక్కు. బైకార్బొనేటు మొత్తంలోంచి కాల్షియం, మెగ్నీషియం తీసేస్తే మిగిలేదాన్ని శేష సోడియం కార్బొనేటు అంటారు. 1950లో ఈటన్ చెప్పిన కొలత ఇది. లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపైతే ఫరవాలేదు, 2.5 దాటితే నీళ్ళు పనికిరావు. అలాంటి నీళ్ళు పెట్టిన నల్లరేగడి సోడియం ఎక్కి బిగుసుకుపోతుంది, పైన నీళ్ళు నిలుస్తాయి, వేరుకు గాలి ఆడదు. జిప్సం వేస్తే కాల్షియం అంది కొంత కోలుకుంటుంది. ఉప్పు విషయంలో మిరప సున్నితం. నేల సారం వాహకత మీటరుకు 1.5 డెసీసీమెన్లు దాటగానే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. పత్తి 7.7 దాకా ఓర్చుకుంటుంది. మిరప వేయాలా పత్తి వేయాలా అన్నది మార్కెట్ ధర ఒక్కటే తేల్చే ప్రశ్న కాదు. బోరు నీళ్ళు కూడా తేల్చాలి.

ఒక్కసారి పరీక్షతో పని అయిపోదు. మే నెలలో నీటిమట్టం అడుగంటినప్పుడు, నవంబరులో వానలు వెనక్కి తగ్గాక రెండుసార్లు చూడాలి. వాన వల్ల నీళ్ళు పలుచబడతాయని అనుకుంటాం. కాని ఎండాకాలమంతా మట్టిలో పేరుకున్న లవణాలను తొలి వానలు కిందకి కడిగి, కొన్ని బావుల్లో అంకెలు పెంచుతాయి కూడా. గుంటూరు జిల్లా భూగర్భ జలాల మీద చాలాకాలం పనిచేసిన ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎన్. సుబ్బారావు 2006లో ప్రచురించిన అధ్యయనం ఇలాంటి ఋతువుల మార్పు గురించే. బోరును ఇంకా లోతుకు దించితే ఆ నీళ్ళు కొత్త నీళ్ళే. రాతిలో ఎంత ఎక్కువ కాలం నిలిచి ఉంటే ఖనిజాలు అంత ఎక్కువగా కరుగుతాయి. పై బోరుకిచ్చిన పాత రిపోర్టు దానికి చెల్లదు.

జల జీవన్ మిషన్ కింద ఊళ్ళలో మహిళలకు పరీక్ష కిట్లు ఇచ్చి శిక్షణ ఇస్తున్నారు. ఫ్లోరైడ్ కిట్టులో గులాబీరంగు ద్రావణం పసుపు వైపు తిరిగితే అనుమానించాలి. అది హెచ్చరిక మాత్రమే, ఆ నమూనా ప్రయోగశాలకు వెళ్ళాలి. వచ్చిన ఫలితం ఫైల్లో ఉండిపోతే ఎవరికీ ఉపయోగం లేదు. బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ కోసం దాదాపు 50 లక్షల గొట్టపు బావులు పరీక్షించి, చెడ్డ వాటికి ఎర్ర రంగు, మంచి వాటికి పచ్చ రంగు వేశారు. చదువురాని వాళ్ళకు కూడా అర్థమైంది. పల్నాడులో ప్రతి చేతిపంపుకూ, ప్రతి పంచాయతీ బోరుకూ ఆ రంగు వేయవచ్చు. రంగుతో పాటు మూడు అంకెలు రాయాలి: ఫ్లోరైడ్, నైట్రేటు, బోరు లోతు. కింద పరీక్ష చేసిన నెల, సంవత్సరం. బోరు లోతు పెంచిన రోజున ఆ రాత చెరిపేసి మళ్ళీ నమూనా పంపాలి.